తువ్వాలు కింద అయిదు వేళ్ళు

నేను ఈమధ్య వెళ్ళొచ్చిన ఊళ్ళకు మనవాళ్ళెవరూ పనిగట్టుకుని వెళ్ళరు. తిరుపతి దాకా వెళ్తారు, బెంగళూరు దాకా వెళ్తారు. ఆ రెండింటికీ అందకుండా తమిళనాడు అంచున ఉన్న హోసూరు, రాయకోట, కృష్ణగిరి మాత్రం బస్సు కిటికీలోంచి కనబడి పోయే బోర్డులే. నేనూ అట్లాగే పోయేదాన్ని, మునెప్ప అనే పెద్దాయన రక్తం నాకు అవసరం కాకపోయి ఉంటే.

హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో ఇరవై ఏళ్ళుగా టెక్నీషియన్‌ని. మాది గుంటూరు పక్క పల్లెటూరు. నోరు కాస్త ఎక్కువని ఇంటా బయటా పేరుంది. ఈ ప్రయాణంలో ఆ నోటికి పని చెప్పడానికి నాకే సిగ్గేసిన సందర్భం ఒకటి వచ్చింది. దాని గురించే రాస్తున్నాను.

హోసూరు

పుష్యమాసం. పొద్దున్న ఏడింటికి హోసూరులో దిగితే పళ్ళు టకటకలాడాయి. బస్టాండు బయట ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు, వాటి మధ్య దూరుతూ పక్కనున్న తళి ఊరి వైపు నుంచి గులాబీ మొగ్గలు మోసుకొచ్చే వ్యాన్లు. వచ్చే నెల ప్రేమికుల రోజుకు ఇప్పట్నుంచే హడావుడి అట. ఒక్కో మొగ్గకీ కాగితం టోపీ తొడిగారు. మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా అంత జాగ్రత్తగా టోపీ పెట్టరు.

నా చేతిలో ఒక థర్మకోల్ పెట్టె. లోపల ఐసు ప్యాకెట్లు, ఖాళీ గొట్టాలు, సూదులు. ఆ పెట్టె నన్ను నాలుగు రోజులూ వేధించింది. హోటల్లో బల్ల మీద పెట్టగానే యజమాని పరుగున వచ్చి ముందు తమిళంలో, తర్వాత కన్నడంలో అడిగి, నా మొహం చూసి తెలుగులోకి దిగాడు.

"చేపలామ్మా లోపల? చేపలైతే బయట పెట్టాల. ఇది సైవం హోటలు."

"చేపలు కావండీ, ఐసు."

"వుట్టి ఐసు ఎత్తుకోని యాడికి పోతా ఉండారు ఈ చలిలో?"

దానికి నా దగ్గర పొట్టి జవాబు లేదు. పళ్ళెమంత వెడల్పున్న తట్టె ఇడ్లీలు రెండు, ఒక వడ, కాఫీ తీసుకున్నాను. తొంభై రూపాయలు. చట్నీలో కారం ఏదని అడిగితే ఆయన నవ్వి, "మీది టీవీ తెలుగుమ్మా, టీవీ తెలుగోళ్ళకు కారం చాలదు" అన్నాడు. ఇక్కడి తెలుగువాళ్ళు వందల ఏళ్ళుగా ఇక్కడివాళ్ళే. బోర్డులు తమిళం, సినిమాలు అన్ని భాషలవీ, ఇంట్లో తెలుగు. మనం 'వచ్చాను' అంటే వాళ్ళు 'వచ్చినాను' అంటారు. మనమేదో తొందరలో మాట మింగేస్తున్నట్టు అనిపిస్తుంది వాళ్ళ నోట వింటే.

హోటలాయనకు చెప్పలేని ఆ పొడుగు జవాబు మీకు చెప్తాను. మెదడు కణాల్లో టావ్ అనే ప్రొటీన్ ఉంటుంది. కణం లోపల సరుకులు నడిచే పట్టాలను అది బిగించి పట్టుకుంటుంది. కొన్ని జబ్బుల్లో ఈ టావ్ పట్టాలను వదిలేసి తనలో తాను ఉండలు చుట్టుకుపోతుంది, కణాలు చచ్చిపోతాయి. మతిమరుపు జబ్బు అందులో ఒకటి. మునెప్పకు వచ్చింది దాని చుట్టమే గాని మరొకటి. అది మతి కంటే ముందు చేతిని పట్టుకుంటుంది, అదీ ఒక వైపు చేతిని.

ఇక మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. పెళ్ళి భోజనంలో వడ్డించేవాడు వచ్చినప్పుడు విస్తరికి అడ్డంగా చెయ్యి పెట్టి 'చాలు' అంటాం కదా, అవి ఆ చేతులు. జన్యువుల భాషలో ఇరవై రెండు అక్షరాల పాటి చిన్న ముక్కలు. కణం ఒక ప్రొటీన్‌ను తయారు చేస్తూ పోతుంటే అవి అడ్డం పెట్టి ఆపుతాయి. మా ల్యాబులో నూటముప్పైరెండు అని పిలుచుకునేది ఒకటుంది. ఇలాంటి జబ్బుతో పోయినవాళ్ళ మెదళ్ళలో అది తగ్గిపోయి కనిపిస్తుంది. అడ్డం పెట్టే చెయ్యి లేకపోతే వడ్డన ఆగదు, విస్తరి పొర్లిపోతుంది. ఇది జబ్బుకు కారణమా, జబ్బు వల్ల జరిగిందా అని ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేరు. అలాంటి ముక్కల జాడ రక్తంలో దొరికితే జబ్బును ముందే పసిగట్టవచ్చేమోనని మా ఆశ. ఆశే, ఇంకా పరీక్ష కాదు.

పోయిన ఏడాది బెంగళూరులో ఒక ఆసుపత్రికి మునెప్పను తీసుకొచ్చినప్పుడు రక్తం తీసింది నేనే. తొందరలో సన్నసూది వాడి, గొట్టంలోకి గట్టిగా నొక్కాను. ఎర్రకణాలు పగిలిపోయి, పైన లేత పసుపుగా తేలాల్సిన నీరు గులాబీ రంగుకు తిరిగింది. పగిలిన కణాలు తమ మైక్రో ఆర్‌ఎన్‌ఏలను అందులో కలిపేస్తాయి. ఇక అది దేనికీ పనికిరాదు. మళ్ళీ తీసుకోవడానికే ఈ ప్రయాణం. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. ఆయన కూతురు రత్నమ్మ ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెట్టేముందు "ఫలితం రాసిన కాగితం వస్తుందామ్మా?" అని అడిగింది. వెనక ఇంకా నలుగురు ఎదురు చూస్తున్నారు. "వస్తుందిలే, పెట్టు" అన్నాను.

రాయకోట

రాయకోట బస్సులో పక్కన కూచున్న ముసలమ్మ పెట్టె మూత మీద వేలితో కొట్టి "ఐస్‌క్రీమామ్మా? ఒకటి ఇయ్యి, దుడ్డు ఇస్తాను" అంది. లేదంటే నమ్మలేదు. దిగేదాకా నా వైపు తిరగలేదు.

ఊరి మీద కొండ, కొండ మీద పాత కోట గోడలు, కింద టమాటా క్రేట్లు గుట్టలు గుట్టలుగా. ఆ రోజు ధర పడిపోయిందని మండీ ముందు రైతులు మాట్లాడకుండా బీడీలు కాలుస్తున్నారు. మా వైపు మిర్చి యార్డులో ధర పడితే అరుపులతో ఆకాశం బద్దలవుతుంది. ఇక్కడివాళ్ళు ఊరికే కూచుంటారు.

మునెప్ప ఇల్లు కొండ వెనక పల్లెలో. రత్నమ్మ వీధి మొదట్లోనే నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. ఒక ఆవు, అరెకరం టమాటా, జబ్బుపడ్డ తండ్రి, ఇదీ ఆమె సంసారం. భర్త హోసూరులో ఫ్యాక్టరీ పని, వారానికోసారి వస్తాడు.

"రాండమ్మా, ఈడ కూచోండి. కాగితం తెచ్చినారా?" అంది ఇంట్లోకి రాగానే, నీళ్ళ చెంబు ఇంకా చేతిలోనే ఉంది.

నేను నీళ్ళు తాగాను. మునెప్ప గోడకు ఆనించిన కుర్చీలో ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి దగ్గర వంగి, పిడికిలి రొమ్ముకు అంటుకుపోయి ఉంది. భుజం మీద ఉతికిన తువ్వాలు. మాట దాదాపు పోయింది. కళ్ళు మాత్రం నన్నూ, పెట్టెనూ మార్చి మార్చి చూస్తున్నాయి.

"తేలేదమ్మా," అన్నాను. "పోయినసారి రక్తం నేనే చెడగొట్టాను. చెడకపోయినా కాగితం రాదు. ఇది పరిశోధన, ఒక్కొక్కరికి విడిగా ఏమీ చెప్పలేం. ఆ రోజు వస్తుందని చెప్పడం నా తప్పు."

ఆమె కేకలేస్తుందనుకున్నాను. నేనైతే వేసేదాన్ని. ఆమె చెంబు తీసుకుని లోపలికి పోయి, చాలాసేపటికి బయటికొచ్చింది.

"ఏడాదిగా ఎదురు చూస్తా ఉండానమ్మా," అంది. "ఊళ్ళో అందరికీ చెప్పినాను, ఐదరాబాదు నించి కాగితం వస్తుంది, అప్పుడు చూడండి అని."

"జబ్బు పేరు రాసిన కాగితం ఆసుపత్రివాళ్ళు ఇచ్చారు కదా?"

"ఇచ్చినారు. ఆ కాగితం మింద తేదీ కర్పూరం తరవాతిదమ్మా. మాకు కర్పూరం ముందే జబ్బు ఉండె అని చెప్పేది కావాల."

ఆ రాత్రి భోజనం పెడుతూ కర్పూరం సంగతి చెప్పింది. రాగిముద్ద, పితికిపప్పు చారు. అనపగింజలను నానబెట్టి ఒక్కొక్కటీ పితికి తోలు తీయాలి, గిన్నెడు పప్పుకు ఒక పూట పడుతుంది. నాకోసం పొద్దున్నుంచీ పితికిందట. నేను తెచ్చిన కబురుకు ఆ చారు తినడం ఎంత కష్టమైందో చెప్పలేను. ముద్దను నమలకూడదు, మింగాలి. నేను నమిలాను, ఎవరూ నవ్వలేదు.

మునెప్ప ముప్పై ఏళ్ళు ఎద్దుల సంతలో దళారి. తిమ్మరాయప్ప అని ఇంకో దళారి ఆయనకు జోడు. ఒకరు కొనేవాడి తరఫున, ఇంకొకరు అమ్మేవాడి తరఫున నిలబడితే ఎంత బిగుసుకున్న బేరమైనా తెగేదట. నాలుగేళ్ళ కిందట ఒక జత ఎద్దుల దగ్గర ఇద్దరికీ మాట తేడా వచ్చింది. తువ్వాలు కింద వేళ్ళు పట్టి మునెప్ప ఒక ధర ఇచ్చి, తువ్వాలు ఎత్తాక కాదన్నాడని తిమ్మరాయప్ప అన్నాడు. నేనట్లా ఇవ్వనే లేదని మునెప్ప. ఇద్దరూ మునేశ్వరుడి గుడికి పోయి, అరచేత్తో వెలిగే కర్పూరం ఆర్పి ప్రమాణం చేశారు.

"ఏడాది తిరక్కుండా మా నాయన చెయ్యి పడిపొయ్యింది. అదే చెయ్యి. కర్పూరం ఆర్పిన చెయ్యి," అంది రత్నమ్మ. "ఊరంతా ఏమంటా ఉండారో తెలుసునామ్మా? అబద్ధం ఆడి ఆర్పినాడు, దేవుడు చెయ్యి తీసుకున్నాడు అని. సంతలో ఇంక ఆయప్ప చెయ్యి ఎవురూ పట్టలేదు. పోయిన ఏడాది దంకా ఒకటే, ఒకటే అని అంటా ఉండె. ఒకటే వేలు పట్టినాను అని. ఇప్పుడు ఆ మాటా పొయ్యింది. ఆయన పోయేలోపల తిమ్మరాయప్ప వచ్చి, మునెప్ప అబద్ధం ఆడలేదు అని ఒక మాట అంటే చాలు. ఆ కాగితం చూపిస్తే వస్తాడనుకున్నాను."

మునెప్ప వింటున్నాడు. ఎడమచెయ్యి తువ్వాలు అంచును సవరిస్తూనే ఉంది.

సంత

మర్నాడు సంత రోజు. రక్తం పరగడుపున తీయాలి గాని, ఆయన కాళ్ళూ చేతులూ పొద్దెక్కితే గాని వదులవ్వవు. ఆ లోపల చూసొద్దామని రత్నమ్మ తీసుకుపోయింది.

మంచులో ఎద్దులు, ఆవులు, వాటి ఆవిరి ఊపిరి. కొమ్ములకు పసుపు, ఎరుపు రంగులు. ఒక మూల వేడివేడి బజ్జీలు, పది రూపాయలకు మూడు. ఆడవాళ్ళు మేకల దగ్గరే ఉన్నారు, ఎద్దుల వైపు మేమిద్దరమే. అక్కడ ఇద్దరు మగవాళ్ళు ఎదురెదురుగా నిలబడి, కుడిచేతులు కలిపి, మీద తువ్వాలు కప్పుకున్నారు. మొహాల్లో ఏమీ లేదు. ఒకడు ఆకాశం చూస్తున్నాడు, ఇంకొకడు నా పెట్టె చూస్తున్నాడు. తువ్వాలు మాత్రం కదులుతోంది.

టీ అమ్మే ఆయన నాకు విడమరిచి చెప్పాడు. "అరవై వేలు అని పైకి ఒక మాట అనుకుంటారమ్మా. దానిమింద ఎన్ని వేలో వేళ్ళు చెప్తాయి. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు. చెయ్యంతా పడితే అయిదు. చుట్టూ ఉండేవాళ్ళకు తెలీకూడదు కదా."

"ఒకడు ఒకటి పట్టి, ఇంకొకడు వేరే అనుకుంటే?"

"అట్ల కాదు. వేలుకు తెలుస్తుంది. తువ్వాలు ఎత్తినాక మాట మారకూడదు. మారితే వాని చెయ్యి ఇంక ఎవురూ పట్టరు."

"ఎడమచెయ్యి వాడరా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఎడమచేత్తో బేరమా? ఏమిమ్మా మీరు!"

ఇంటికొచ్చాక మునెప్పకు ఎడమచేతిలో నరం దొరకలేదు. కుడిచేతిలోనే తీయాలి. వంగిన మోచేతిని సాచడానికి, పిడికిలి మెల్లగా విప్పి, నా చేతిని ఆయన అరచేతిలో పెట్టాను. పెట్టిన క్షణంలో అది మూసుకుంది. నా వేళ్ళు అయిదూ అందులో ఇరుక్కున్నాయి. ఆయన మొహంలో ఏమీ లేదు, నా చేతిని పట్టుకున్న సంగతి తనకు తెలిసినట్టే లేదు. లాగితే ఇంకా బిగిసింది.

ఈ జబ్బులో ఇది ఉంటుందని నాకు తెలుసు. అరచేతికి ఏది తగిలినా చెయ్యి దానంతట అదే పట్టేస్తుంది, మనిషి వదలాలనుకున్నా వదలదు. ఎన్నో కేసు కాగితాల్లో ఈ మాట టైపు చేసి పంపాను. కాని ఆ పొద్దున సంతలో నిలబడి వచ్చాక, అయిదు వేళ్ళూ ఆ పిడికిట్లో ఉండగా, టీ ఆయన చెప్పిన లెక్క గుర్తొచ్చింది.

"రత్నమ్మా, ఆ బేరంలో మీ నాయన ఎంత చెప్పాడని తిమ్మరాయప్ప అంటాడు?"

"అరవై అయిదు. మా నాయన అరవై ఒకటి అంటాడు."

నేను ఇరుక్కున్న నా వేళ్ళ వైపు చూశాను. ఆమె నా చేతి వైపు చూసింది, తండ్రి చేతి వైపు చూసింది. వేళ్ళు ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. తర్వాత గుమ్మంలో కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

కాసేపటికి నేను అడిగాను, ఇట్లా పట్టుకుని వదలకపోవడం మొదట ఎప్పుడు చూశావని. బాగా ఆలోచించి చెప్పింది. బేరానికి ముందే, వేరుశెనగలు పీకే రోజుల్లో, బస్సులో కడ్డీ పట్టుకుని దిగకుండా నిలబడిపోయాడట. కండక్టరు తిట్టాడు. "మా అమ్మ కూడా తిట్టింది, అప్పుడు బతికే ఉండె. తాగినావా అనింది. మొండితనం అనుకుంటిమి" అంది.

అరచేతి వెనక వైపు మెల్లగా రాస్తే పట్టు వదులవుతుంది. రాసి, చెయ్యి విడిపించుకుని, ఈసారి లావు సూదితో, నొక్కకుండా, చుక్క చుక్కగా రక్తం తీశాను.

కృష్ణగిరి

రెండు గంటల్లోపల రక్తాన్ని గిర్రున తిప్పే యంత్రంలో పెట్టాలి. కృష్ణగిరిలో ఒక చిన్న పరీక్షాకేంద్రంవాళ్ళు తమ యంత్రం వాడుకోనిస్తామన్నారు. దారి పొడవునా మామిడి తోటలు. కాయల కాలం కాదు, పూత మొదలవుతోంది, గాలి నిండా ఆ వగరు వాసన. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా పైకి ఎత్తి పట్టుకున్నాను. పక్కాయన "గుడ్లామ్మా?" అని సానుభూతిగా అడిగాడు. అవునన్నాను. నాకు ఓపిక లేదు.

తిప్పాక గొట్టం పైభాగంలో లేత పసుపు నీరు నిలబడింది. ఎక్కడా ఎరుపు లేదు. మామూలుగా అయితే సంతోషించేదాన్ని.

రత్నమ్మ చెప్పిన గుర్తులు పట్టుకుని అక్కణ్ణుంచి తిమ్మరాయప్ప దగ్గరికి పోయాను, హైవే పక్కన ఆయనది మామిడి అంట్ల నర్సరీ. సంత మానేసి మూడేళ్ళయింది, అల్లుడి దగ్గర ఉంటున్నాడు. డెబ్బై దాటిన మనిషి, గట్టి ఒళ్ళు, భుజం మీద తువ్వాలు. వచ్చిన పని చెప్పగానే అంటు కడుతున్న చేతులు ఆగాయి. "కూచోమ్మా" అని, అంటు కత్తి తుడుస్తూ "బతికి ఉండాడా?" అన్నాడు.

ఉన్నాడన్నాను. సంత, బస్సు కడ్డీ, నా అయిదు వేళ్ళు, అన్నీ చెప్పాను. అంతా విని అడిగాడు.

"కాగితం ఉందా?"

"లేదు."

"మీరు తీసిన రక్తం చెప్తుందా?"

"చెప్పదు. ఇప్పుడే కాదు, ఇంకా చాలా ఏళ్ళు చెప్పదేమో."

"అట్లయితే మీ మాట ఎట్ల నమ్మేది?"

"నమ్మొద్దు. వచ్చి మీ చెయ్యి ఆయన చేతిలో పెట్టండి."

ఆయనకు కోపం వచ్చింది. కత్తి పక్కన పడేశాడు. "ఏమిమ్మా, సులువుగా చెప్తావు! నేను కూడా కర్పూరం ఆర్పినాను. మునేశ్వరుని ముందర. ఆయప్పది నిజమైతే నాది అబద్ధమా? ఈ వయసులో ఆ మాట పడేదానికా నేను ఆడికి వచ్చేది?"

"మీదీ నిజమే. మీ వేళ్ళు అయిదూ పట్టాడు. ఆయన ఒకటే పట్టాలనుకున్నాడు, ఒకటే పట్టాననుకున్నాడు. మధ్యలో చెయ్యి వేరే పని చేసింది."

ఆయన లేచి మొక్కలకు నీళ్ళు పట్టడం మొదలుపెట్టాడు. పట్టిన మొక్కకే మళ్ళీ పట్టాడు. నేను పెట్టె తీసుకుని లేచాను. వెనక నుంచి, నాకు కాదు, మొక్కలకు చెప్తున్నట్టు అన్నాడు.

"ఆయప్ప చెయ్యి పడిపొయ్యిందని విన్న రోజు, దేవుడుండాడు అనుకుంటి. ఇంటికి పోయి పాయసం చెయ్యమంటిని మా ఇంటిదాన్ని. ఎందుకో చెప్పలేదు. తినింది పాపం ఆమె కూడా."

మళ్ళీ రాయకోట

తెల్లారి నేను హోసూరు బస్సు ఎక్కాలి. కృష్ణగిరి బస్టాండులో ఇడ్లీ పొట్లం కొంటుంటే ఎదురుగా తిమ్మరాయప్ప నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల పంచె, కొత్త తువ్వాలు. "రాయకోట బస్సు ఆ పక్కమ్మా" అన్నాడు, నాకేదో దారి చూపిస్తున్నట్టు. నేనూ ఆ బస్సే ఎక్కాను.  దారిలో ఆయన ఒకసారి నా పెట్టె చూసి, "దీంట్లోనా ఆయప్ప రక్తం?" అని అడిగి, కాలు దానికి తగలకుండా ఎడంగా జరుపుకున్నాడు.

రత్నమ్మ పాలు పితుకుతోంది. చూసి లేచింది, చెంబు ఒలికింది.  తిమ్మరాయప్ప చెప్పులు విడిచి లోపలికొచ్చి, మునెప్ప కుర్చీ ముందు నిలబడ్డాడు. మునెప్ప కళ్ళు ఆయన పాదాల దాకా దిగలేదు, తువ్వాలు దగ్గరే ఆగాయి.

"మునెప్పా," అన్నాడు. "ఎద్దుల జత. అరవై అని అనుకున్నాము. నీ మాట ఏమి?"

కింద కూచుని, మునెప్ప పిడికిలి విప్పి, తన కుడిచెయ్యి లోపల పెట్టాడు. మీద తువ్వాలు కప్పాడు. ఇంట్లో మేమిద్దరమే చూస్తున్నాం, దాచాల్సింది ఏమీ లేదు, అయినా కప్పాడు.

తువ్వాలు ఒకసారి కదిలి ఆగిపోయింది. తిమ్మరాయప్ప మోచెయ్యి వెనక్కి లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. 

"అయిదు," అన్నాడు. "అదే అయిదు, రత్నమ్మా. ఆ పొద్దు కూడా ఇట్లే పట్టినాడు. ఇంత గట్టిగా ఎందుకు పడతాడు, బేరం మింద అంత ఆశనా అనుకుంటి."

అప్పుడు మునెప్ప ఎడమచెయ్యి కదిలింది. తువ్వాలు అంచు వదిలి, చాలా మెల్లగా, రెండుసార్లు దారి తప్పి, తువ్వాలు కిందికి దూరింది. ఎడమచెయ్యి. సంతలో ఎన్నడూ ఎవరూ పెట్టనిది. తిమ్మరాయప్ప చూస్తున్నాడు గాని ఆపలేదు. ఆ చెయ్యి లోపల వెతుక్కుంది. తువ్వాలు కాస్త జరగడంతో నాకూ కనబడింది, బిగిసిన పిడికిలి అంచున బయటికి మిగిలిన తిమ్మరాయప్ప చిటికెన వేలి కొస దానికి దొరికింది. అది ఒక్కటే పట్టుకుంది.

తిమ్మరాయప్ప పెద్దగా ఏడ్చాడు. మా వైపు మగవాళ్ళు అట్లా ఏడవడం నేను చూడలేదు. "ఒకటి," అన్నాడు. "ఒకటే అప్పా. ఒకటే. తెలిసింది. ఇద్దరమూ నిజమే చెప్పి నాలుగేళ్ళు పోగొట్టుకుంటిమి కదప్పా."

మునెప్ప మొహం కదల్లేదు. ఆ జబ్బు మొహాన్ని కూడా తీసుకుంటుంది. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారాయి. రత్నమ్మ కొంగుతో ఒకరి తర్వాత ఒకరికి తుడిచింది.

నా బస్సు వేళ దాటిపోతోంది. పెట్టెలో ఐసు కరిగిపోతుంది, గొట్టాలు పాడైతే ఈ ప్రయాణమంతా దండగ. తిమ్మరాయప్ప చెయ్యి ఇంకా లోపలే ఉంది. నేను వంగి, అరచేతి వెనక వైపు రాస్తే పట్టు వదులుతుందని, ఎట్లా రాయాలో చూపిస్తానని చెప్పాను.

"వద్దమ్మా," అన్నాడు, తల తిప్పకుండా. "నాలుగేళ్ళుగా ఈ చెయ్యి ఎవురూ పట్టలేదు. ఉండనీ. మీరు పోయిరాండి."